ఒక్క మెతుకు చాలదు

2017 జనవరి 23న సియోల్‌లో శామ్‌సంగ్ ప్రతినిధులు విలేకరుల ముందుకు వచ్చి, గెలాక్సీ నోట్ 7 ఫోన్లు ఎందుకు కాలిపోయాయో వివరించారు. 2016 ఆగస్టులో ఆర్భాటంగా విడుదలైన ఫోన్ అది. రెండు వారాలకే మంటలు రావడంతో వెనక్కి తీసుకున్నారు. తప్పు ఒక సరఫరాదారు బ్యాటరీది అనుకొని, రెండో సరఫరాదారు బ్యాటరీ వేసిన ఫోన్లు ఇచ్చారు. అవీ కాలాయి. అక్టోబరులో ఆ ఫోన్ తయారీనే ఆపేశారు. కారణం వెతకడానికి సుమారు 700 మంది ఇంజినీర్లు 2 లక్షల ఫోన్లను, 30 వేల విడి బ్యాటరీలను ఛార్జ్ చేసి, ఖాళీ చేసి చూశారు. చివరికి తేలింది ఏమిటంటే, ఇద్దరు సరఫరాదారుల బ్యాటరీల్లోనూ లోపం ఉంది. ఒకరి లోపానికీ మరొకరి లోపానికీ సంబంధం లేదు.

ఆ బ్యాటరీలేవీ పరీక్షలు తప్పించుకుని వచ్చినవి కావు. మరి పరీక్ష ఏం చూసినట్టు?

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మెతుకులన్నీ ఒకే ఎసరులో, ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి ఆ లెక్క చెల్లుతుంది. లిథియం సెల్స్ తయారయ్యే చోట చెల్లదు. ఒకే మిషను మీద, ఒకే నిమిషంలో తయారైన రెండు సెల్స్‌లో ఒకదానిలో మాత్రమే కంటికి ఆనని ఇనుప రజను పడి ఉండవచ్చు. పైగా లోపలి సంగతి నిజంగా తెలియాలంటే సెల్‌ను కోయాలి. కోసిన సెల్ అమ్మకానికి పనికిరాదు. అమ్మేవాటిని కోయలేం, కోసినవి అమ్మేవాటి గురించి పూర్తి హామీ ఇవ్వలేవు. బ్యాటరీ నాణ్యత పరీక్షల శాస్త్రమంతా ఈ ఇరకాటంలోంచి పుట్టిందే.

మూత లేని పెట్టె

పాతకాలపు కారు బ్యాటరీతో ఇంత చిక్కు లేదు. మూతలు తిప్పి హైడ్రోమీటర్ ముంచితే, యాసిడ్ సాంద్రతను బట్టి ఏ గది బాగుందో, ఏది చచ్చిందో మెకానిక్ చెప్పేస్తాడు. లిథియం సెల్‌కు తీసి చూసే మూత లేదు. సీలు వేశాక విప్పితే గాలీ తేమా తగిలి పాడైపోతుంది.

లోపల ఉండేవి ముఖ్యంగా మూడు పొరలు. రాగి రేకు మీద గ్రాఫైట్ పూత ఒకటి, ఇది నెగటివ్ ఎలక్ట్రోడ్. అల్యూమినియం రేకు మీద లిథియం సమ్మేళనం పూత రెండోది, ఇది పాజిటివ్ ఎలక్ట్రోడ్. ఈ రెండూ తాకకుండా మధ్యలో సెపరేటర్ అనే సన్నని ప్లాస్టిక్ పొర. దాని మందం 10 నుంచి 20 మైక్రాన్ల వరకు ఉంటుంది. తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే, ఈ పొర ఎంత పలుచనో ఊహించుకోవచ్చు. దానిలోని సూక్ష్మ రంధ్రాల్లోంచి లిథియం అయాన్లు ఛార్జింగ్‌లో ఒకవైపు, వాడకంలో రెండోవైపు ప్రయాణిస్తాయి. మూడు పొరల్నీ చుట్టగానో, దొంతరగానో పేర్చి, మండే స్వభావం ఉన్న ఎలక్ట్రోలైట్ ద్రవం నింపి మూసేస్తారు.

సెపరేటర్ ఎక్కడైనా చిరిగినా, గుచ్చుకున్నా రెండు ఎలక్ట్రోడ్లూ తాకి షార్ట్ అవుతుంది. ఆ చోట వేడి పుడుతుంది. వేడి ఒక హద్దు దాటితే లోపలి రసాయనాలే ఒకదానితో ఒకటి చర్య జరిపి మరింత వేడి పుట్టిస్తాయి. అప్పుడు ఛార్జర్ తీసేసినా లాభం లేదు. థర్మల్ రన్‌అవే అనేది దీన్నే. కాబట్టి ఫ్యాక్టరీలో జరిగే తనిఖీల్లో చాలావరకు ఈ పలుచని పొరకు కాపలా కాయడమే.

పొడి దగ్గరే మొదలు

కాపలా సెల్ తయారయ్యాక మొదలు కాదు, ముడిసరుకు గేటు దాటినప్పుడే మొదలవుతుంది. పాజిటివ్ ఎలక్ట్రోడ్‌కు వాడే నల్లటి పొడిలో ఇనుము, క్రోమియం, జింకు వంటి లోహాల రజను ఎంత ఉందో కొలుస్తారు. ఈ కొలత వంద కోట్ల వంతుల్లో ఎన్ని వంతులు అన్న లెక్కలో సాగుతుంది. పొడినీ, దాన్ని కలిపిన చిక్కటి ముద్దనూ బలమైన అయస్కాంతాల మధ్య నుంచి పంపి రజనును లాగేస్తారు.

ఒక చిన్న ఇనుప రేణువుకు ఇంత భయమెందుకు? సెపరేటర్‌ను చీల్చేంత పెద్దది కాకపోయినా అది ప్రమాదమే. పాజిటివ్ ఎలక్ట్రోడ్ దగ్గర ఉండే అధిక వోల్టేజీకి ఇనుము కరిగి అయాన్లుగా మారుతుంది. ఆ అయాన్లు సెపరేటర్ దాటి నెగటివ్ వైపు చేరి, మళ్లీ లోహంగా పేరుకుంటాయి. పేరుకున్న లోహం పోగులా పెరుగుతూ వెనక్కి వచ్చి, ఒకనాటికి రెండు వైపులనూ కలిపేస్తుంది. తయారైన రోజున లేని షార్ట్ కొన్ని వారాల తర్వాత పుడుతుంది.

2006లో లోకానికి ఈ పాఠం అందింది. సోనీ తయారుచేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీలు కొన్ని అంటుకున్నాయి. తయారీలో సెల్స్‌లోకి చేరిన సూక్ష్మ లోహ రేణువులు షార్ట్‌కు దారితీస్తున్నాయని బయటపడింది. డెల్ ఒక్కటే 41 లక్షల బ్యాటరీలను, ఆపిల్ 18 లక్షల బ్యాటరీలను వెనక్కి పిలిచాయి. లిథియం అయాన్ సెల్‌ను 1991లో మొట్టమొదట మార్కెట్‌లోకి తెచ్చిన కంపెనీకే ఈ గతి పట్టింది.

తర్వాతి మజిలీ పూత. రేకు పరుగెడుతుండగానే దాని మీద పూత బరువును బీటా కిరణాలతోనో, ఎక్స్ కిరణాలతోనో కొలుస్తుంటారు. పూత ఎంత మందంగా ఉంటే కిరణాలు అంత తక్కువగా దాటుతాయి. ఈ కొలత ఒక్క కెపాసిటీ కోసమే కాదు. పాజిటివ్ వైపు నుంచి వచ్చే లిథియాన్నంతా ఇముడ్చుకునే చోటు గ్రాఫైట్‌లో ఉండి తీరాలి. అందుకే గ్రాఫైట్ వైపు సామర్థ్యాన్ని కొంత ఎక్కువగా ఉంచుతారు. ఒకచోట గ్రాఫైట్ పూత పలుచబడితే, చోటు దొరకని లిథియం దాని ఉపరితలం మీదే లోహంగా పేరుకుంటుంది. రేకును కావలసిన వెడల్పుకు కోసేటప్పుడు అంచున లేచే సన్నని నూగు మరో శత్రువు. బ్లేడు మొద్దుబారే కొద్దీ ఆ నూగు పెరుగుతుంది. అందుకే బ్లేడ్లు ఎప్పుడు మార్చారన్నది కూడా నాణ్యత రికార్డులోకి ఎక్కుతుంది.

సీలు వేసేలోపు

పొరల్ని పేర్చేటప్పుడు గ్రాఫైట్ పొర, పాజిటివ్ పొర కంటే నాలుగు వైపులా కాస్త బయటికి ఉండాలి. ఈ అంచు తప్పితే అక్కడా లిథియం లోహం పేరుకుంటుంది. కంటితో చూడలేం కనుక ఎక్స్‌రే తీస్తారు. మూలల్లో ప్రతి పొర అంచూ ఎక్కడుందో కంప్యూటర్ చూసి, హద్దు మీరినదాన్ని పక్కకు నెట్టేస్తుంది. ఎలక్ట్రోలైట్ పోయకముందే ఇంకో పరీక్ష ఉంది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య కొన్ని వందల వోల్టులు పెట్టి, కరెంటు ఏమైనా లీకవుతోందా అని చూస్తారు. ద్రవం పోశాక ఈ పరీక్షకు వీలుండదు. ఆ అవకాశం ఒక్కసారే.

నోట్ 7 కథ ఈ మజిలీలోదే. మొదటి సరఫరాదారు బ్యాటరీల్లో పై కవరు ఇరుకై, కుడివైపు పైమూలన నెగటివ్ ఎలక్ట్రోడ్ వంగిపోయింది. రెండో సరఫరాదారు బ్యాటరీల్లో కరెంటును బయటికి తెచ్చే పట్టీని, అంటే పాజిటివ్ ట్యాబ్‌ను అల్ట్రాసోనిక్ వెల్డింగ్‌తో అతికించినచోట మొనలు లేచాయి. కొన్నింటిలో అక్కడ ఉండాల్సిన ఇన్సులేషన్ టేపే లేదు. ఆ తర్వాత శామ్‌సంగ్ ఎనిమిది అంచెల తనిఖీ ప్రకటించింది. అందులో ఎక్స్‌రే ఉంది, సెల్‌ను విప్పి చూడటం ఉంది, ఆవిరి లీకేజీని వాసన పట్టే పరీక్ష ఉంది, వోల్టేజీ తగ్గుదల కొలిచే పరీక్ష ఉంది.

విడివిడిగా పెద్దవి కాని లోపాలు కలిస్తే ఏమవుతుందో షెవర్లే బోల్ట్ కారు చూపించింది. ఎల్‌జీ తయారుచేసిన సెల్స్‌లో చిరిగిన నెగటివ్ ట్యాబ్, మడత పడిన సెపరేటర్ అనే రెండు అరుదైన లోపాలు ఒకే సెల్‌లో కలిసినప్పుడు మంటలు వచ్చాయి. 2021 ఆగస్టు నాటికి అప్పటిదాకా తయారైన బోల్ట్ కార్లన్నిటినీ, అంటే 1,40,000కు పైగా వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. అందుకు ఎల్‌జీ 190 కోట్ల డాలర్ల వరకు భరించడానికి ఒప్పుకుంది.

కనబడని మరో శత్రువు తేమ. ఎలక్ట్రోలైట్‌లోని లిథియం లవణం నీటితో కలిస్తే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. అది ఎలక్ట్రోడ్లను లోపలి నుంచే తినేస్తుంది. అందుకే సెల్‌ను కూర్చే పని మైనస్ 40 డిగ్రీలు, అంతకంటే తక్కువ డ్యూ పాయింట్ ఉండే డ్రై రూముల్లో జరుగుతుంది. అంటే ఎడారి గాలికన్నా పొడిగాలి. అక్కడ పనిచేసే మనిషి ఊపిరి, చెమట కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి, గదిలో ఎంతమంది ఉండాలన్నదానికీ పరిమితి ఉంటుంది.

కదలకుండా కూర్చోబెట్టే పరీక్ష

సీలు పడ్డాక సెల్‌కు మొదటి ఛార్జింగ్ పెడతారు. దీన్ని ఫార్మేషన్ అంటారు. ఇది తొందరపడి చేసే పని కాదు. తక్కువ కరెంటుతో గంటల తరబడి నడుస్తుంది. ఈ సమయంలో ఎలక్ట్రోలైట్ కొంత విచ్ఛిన్నమై గ్రాఫైట్ మీద సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. లిథియంలో దాదాపు పదో వంతు ఇక్కడే శాశ్వతంగా ఖర్చయిపోతుంది. అయినా ఆ పొర ఎంత సమంగా ఏర్పడితే సెల్ అంతకాలం బతుకుతుంది. మెత్తటి సంచిలాంటి కవరు ఉండే పౌచ్ సెల్స్‌లో ఈ దశలో పుట్టిన వాయువును తీసేసి మళ్లీ సీలు వేస్తారు.

ఆ తర్వాత వచ్చేది ఏజింగ్. సెల్స్‌ను అరల్లో పేర్చి, స్థిరమైన ఉష్ణోగ్రతలో రోజుల తరబడి ఊరికే ఉంచుతారు. కొన్ని ఫ్యాక్టరీల్లో రెండు మూడు వారాలు కూడా పడుతుంది. చూసేవారికి గోదాములా ఉంటుంది. నిజానికి మొత్తం ఫ్యాక్టరీలో అత్యంత సున్నితమైన పరీక్ష జరిగేది ఇక్కడే. పెట్టిన రోజు వోల్టేజీ కొలుస్తారు. కొన్ని రోజులాగి మళ్లీ కొలుస్తారు. లోపల సూక్ష్మమైన షార్ట్ ఉన్న సెల్ తన ఛార్జ్‌ను తానే కాస్త కాస్త పోగొట్టుకుంటుంది. దాని వోల్టేజీ తోటి సెల్స్ కంటే వేగంగా పడుతుంది.

ఎంత వేగంగా? ఒక లెక్క వేద్దాం. 5 ఆంపియర్-అవర్ల సెల్‌లో 50 మైక్రోఆంపియర్ల లీకేజీ ఉందనుకుందాం. ఆ వేగంతో సెల్ పూర్తిగా ఖాళీ కావాలంటే లక్ష గంటలు, అంటే 11 ఏళ్లకు పైగా పడుతుంది. వినియోగదారుడికి ఆ తేడా ఎప్పటికీ తెలియదు. ఫ్యాక్టరీ మాత్రం రోజుల్లోనే తెలుసుకోవాలి. ఒక రోజులో పోయే ఛార్జ్ 1.2 మిల్లీ ఆంపియర్-అవర్లు. నిండు నుంచి ఖాళీ దాకా 4.2 వోల్టుల నుంచి 3 వోల్టులకు సమానంగా దిగుతుందని ఉజ్జాయింపుగా తీసుకుంటే, రోజుకు పడేది 0.3 మిల్లీవోల్టులు. ఇదీ అక్కడ వెతికే ఆనవాలు.

ఇక్కడ మోసం చేసేవి చాలా ఉన్నాయి. గది ఉష్ణోగ్రత ఒక డిగ్రీ మారితే వోల్టేజీ కూడా దాదాపు ఇదే స్థాయిలో మారుతుంది. ఛార్జింగ్ ఆపిన తర్వాత సెల్ లోపల అయాన్లు సర్దుకునేదాకా వోల్టేజీ దానంతట అదే జారుతుంది. అందుకే ఉష్ణోగ్రతను కట్టుదిట్టంగా ఉంచుతారు, సెల్ సర్దుకునేదాకా ఆగుతారు. పది రోజులు ఆగితే 0.3 కాస్తా 3 మిల్లీవోల్టులవుతుంది, గుర్తించడం తేలికవుతుంది. ముందు చెప్పుకున్న ఇనుప రేణువు కరిగి, పేరుకుని, షార్ట్‌గా మారడానికీ వ్యవధి కావాలి. మంచి సెల్, చెడ్డ సెల్ పుట్టినరోజున ఒకేలా ఉంటాయి. వాటిని వేరు చేయగలిగేది గడిచే కాలం మాత్రమే. ఏ మిషనూ దానికి బదులు రాదు.

కాలమంటే ఫ్యాక్టరీకి డబ్బు. లక్షల సెల్స్ అమ్ముడుపోకుండా అరల్లో కూర్చుంటాయి. ఆ గదికి స్థలం, ఏసీ, కొలిచే పరికరాలు, మంటలార్పే ఏర్పాట్లు కావాలి. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదట కన్నుపడేది ఈ గది మీదే.

ఏజింగ్ నుంచి బయటపడ్డవాటికి కెపాసిటీ, అంతర్గత నిరోధం కొలిచి గ్రేడ్లుగా విడదీస్తారు. సిరీస్‌లో కలిపిన సెల్స్‌లో బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది, ముందు నిండుతుంది. మిగతావెంత బాగున్నా ప్యాక్ దాని స్థాయికే దిగుతుంది. అందుకే ఒక ప్యాక్‌లోకి ఒకే తీరు సెల్స్‌ను ఏరి పెడతారు.

99.99 శాతం ఎందుకు చాలదు

పరీక్షలో 99.99 శాతం మార్కులు వస్తే మనం పండగ చేసుకుంటాం. సెల్స్ విషయంలో ఆ అంకె అర్థం వేరు. టెస్లా మోడల్ ఎస్ 85 కిలోవాట్-అవర్ల ప్యాక్‌లో 7,104 చిన్న సెల్స్ ఉండేవి. 10 వేల సెల్స్‌కు ఒకటి చెడ్డదైతే, అంటే 99.99 శాతం మంచివే అయినా, అలాంటి కార్లలో సగానికి కనీసం ఒక్క చెడ్డ సెల్ తగులుతుంది. 10 లక్షలకు ఒకటి అయినా 140 కార్లకు ఒకటి.

పోనీ నమూనాలు తీసి పరీక్షించి, మా లోపాల రేటు 10 లక్షలకు ఒకటికన్నా తక్కువ అని నిరూపించవచ్చా? సంఖ్యాశాస్త్రం ప్రకారం 95 శాతం నమ్మకంతో ఆ మాట అనాలంటే, దాదాపు 30 లక్షల సెల్స్‌ను పరీక్షించి ఒక్క లోపమూ కనబడకూడదు. కోసి చూసే పరీక్షతో అది జరగని పని. కాబట్టి రెండే దారులు. కోయకుండా చూడగలిగినంత మేర ప్రతి సెల్‌నూ చూడటం ఒకటి. పూత, కోత, వెల్డింగ్ దారి తప్పుతున్నాయా అని ప్రతి అడుగులో కొలుస్తూ, లోపం పుట్టకుండా ఆపడం రెండోది. అందుకే ప్రతి సెల్ మీద కోడ్ ఉంటుంది. రేపు ఎక్కడో ఒక సెల్ కాలితే, అది ఏ పూత రోల్ నుంచి వచ్చింది, ఏ రోజు ఏ మిషను మీద వెల్డింగ్ జరిగింది అన్నది వెనక్కి తవ్వగలగాలి. అలా తవ్వలేని కంపెనీ వంద బ్యాటరీలతో పోయేదానికి లక్ష బ్యాటరీలు వెనక్కి పిలవాల్సి వస్తుంది.

సుత్తి దెబ్బలు

టీవీల్లో కనిపించే మేకు గుచ్చే పరీక్షలు, నలిపే పరీక్షలు వేరే ప్రశ్నకు జవాబు చెబుతాయి. ఈ సెల్ బాగా తయారైందా అని కాదు, ఈ డిజైన్ చెడిపోయినప్పుడు ఎంత చెడుగా చెడిపోతుంది అని. లిథియం అయాన్ చరిత్రలో ఈ పరీక్షకు గౌరవ స్థానం ఉంది. 1986లో అసాహి కాసే కంపెనీకి చెందిన అకిరా యోషినో తన నమూనా బ్యాటరీని పేలుడు పదార్థాలు పరీక్షించే చోటికి తీసుకెళ్లి, దాని మీద బరువైన ఇనుప దిమ్మె పడేయించారు. పోలికకు పెట్టిన, లిథియం లోహం వాడిన బ్యాటరీ భగ్గుమంది. ఆయన బ్యాటరీ నలిగిందే కానీ అంటుకోలేదు. 2019లో జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్‌లతో పాటు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఏ లిథియం బ్యాటరీ అయినా విమానమో, ఓడో ఎక్కాలంటే ఐక్యరాజ్యసమితి రూపొందించిన యూఎన్ 38.3 పరీక్షలు దాటిన డిజైన్ అయి ఉండాలి. పలుచని గాలి పీడనంలో ఆరు గంటలు, 72 డిగ్రీల వేడి నుంచి మైనస్ 40 డిగ్రీల చలికి పదిసార్లు మార్పు, కంపనాలు, కుదుపులు, బయటి షార్ట్ సర్క్యూట్, 61 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 9.1 కిలోల బరువు పడటం, అతి ఛార్జింగ్ ఇలా సాగుతుంది జాబితా.

ఇవి దాటినా కథ ముగియదు. 2013 జనవరిలో బోస్టన్‌లో ఆగి ఉన్న బోయింగ్ 787 విమానంలో ఎనిమిది సెల్స్ ఉన్న బ్యాటరీ కాలిపోయింది. ఒక సెల్‌లో పుట్టిన షార్ట్ మిగతా వాటికి పాకిందని అమెరికా దర్యాప్తు సంస్థ తేల్చింది. ఒక సెల్ పోతే పోనీ, పక్క సెల్‌కు పాకకుండా చూడాలన్న ఆలోచన ఆ తర్వాతి ప్రమాణాలన్నిటిలోనూ బలపడింది.

ఆయుష్షు సంగతి మరో చిక్కు. పదేళ్లు నడుస్తుందో లేదో చూడటానికి పదేళ్లు ఆగలేం. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం దీనికి ఒక మార్గం చూపింది. ప్రతిసారీ లోపలికి ఎంత ఛార్జ్ వెళ్లింది, ఎంత తిరిగొచ్చింది అన్నది అత్యంత కచ్చితంగా కొలిస్తే, ఆ చిన్న తేడాలోనే ముందున్న ఏళ్ల అరుగుదల కొన్ని వారాల్లో కనిపిస్తుంది. 2019లో స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ పరిశోధకులు తమ సహచరులతో కలిసి 124 సెల్స్ మీద, మొదటి 100 ఛార్జింగ్‌ల సమాచారంతోనే వాటి జీవితకాలాన్ని సుమారు 9 శాతం పొరపాటుతో కంప్యూటర్ చేత అంచనా వేయించారు. ఆ సెల్స్‌లో కొన్ని 150 ఛార్జింగ్‌లకే అలసిపోయాయి, కొన్ని 2,300 దాకా నడిచాయి. మొదటి 100 ఛార్జింగ్‌ల్లో చాలావాటి కెపాసిటీ ఏమంత తగ్గనే లేదు. వోల్టేజీ గీత ఆకారంలో మాత్రం కథ మొదలైపోయింది.

మన గడప దగ్గర

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ఇద్దరు చనిపోయారు. దేశంలో మరికొన్ని చోట్లా ఆ వేసవిలో ఎలక్ట్రిక్ స్కూటర్లు తగలబడ్డాయి. కేంద్ర రవాణా శాఖ ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐకి అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు దానికి అధ్యక్షులు. ఆ సిఫార్సులతో ద్విచక్ర, త్రిచక్ర వాహనాల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్-156 ప్రమాణాన్ని సవరించారు. 2022 డిసెంబరు నుంచి ఒక దశ, 2023 మార్చి నెలాఖరు నుంచి రెండో దశ అమలయ్యాయి. సెల్స్, బ్యాటరీని కనిపెట్టుకుని ఉండే బీఎంఎస్, ఛార్జర్, ప్యాక్ డిజైన్, ఒక సెల్ షార్ట్ అయితే మంట మిగతావాటికి పాకడం ఇవన్నీ ఆ నిబంధనల్లోకి వచ్చాయి.

మన దగ్గర చాలాకాలంగా జరుగుతున్నది ముఖ్యంగా ప్యాక్ కట్టే పని. సెల్స్ బయటి దేశాల నుంచి వస్తాయి. ప్యాక్ కట్టేవాడి చేతికి వచ్చేసరికి సెల్ మూసిన పెట్టె. అతను చూడగలిగేది వోల్టేజీ, అంతర్గత నిరోధం, తయారీ తేదీ, తాను వేసిన వెల్డింగ్ బలం. ఏజింగ్ గదిలో అది ఎన్నాళ్లుందో, ఏ గ్రేడ్‌లో పడిందో కాగితం చెప్పినదే నమ్మాలి. ఏ గ్రేడ్‌లోనూ ఇమడని సెల్స్ చౌకగా దొరికితే ప్యాక్ ధర తగ్గుతుంది. కొనేవాడికి తేడా కనిపించేది రెండో ఎండాకాలంలో.

ఇప్పుడు సెల్ తయారీయే ఇక్కడికి వస్తోంది. సీసం బ్యాటరీలతో పేరు తెచ్చుకున్న అమరరాజా, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో రూ.9,500 కోట్ల అంచనాతో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన చేసింది. మిషన్లు కొనవచ్చు, నిపుణుల్ని రప్పించవచ్చు. పూత ఎంత వేడిలో ఎంతసేపు ఆరాలి, బ్లేడు ఎన్ని మీటర్లకు మార్చాలి అన్న లెక్కలు మాత్రం ఏ ఫ్యాక్టరీకి ఆ ఫ్యాక్టరీ తుక్కు పోగేసుకుంటూ నేర్చుకోవాల్సిందే. కొత్త ఫ్యాక్టరీల్లో మొదట్లో తుక్కు ఎక్కువగా వస్తుంది.

ఆ రోజుల్లోనే అసలు పరీక్ష. ఆర్డరు తేదీ దగ్గర పడుతుంది, ఏజింగ్ గదిలో సరుకు నిండి ఉంటుంది, వోల్టేజీ హద్దును అర మిల్లీవోల్టు సడలిస్తే ఆ నెల ఉత్పత్తి లెక్క బాగుపడుతుంది. బయటి నుంచి వచ్చే తనిఖీ అధికారి చూడగలిగేది నమూనాలనే. మిగిలిన లక్షల సెల్స్ గురించి నిర్ణయించేది ఆ గదిలో హద్దు ఎక్కడ గీయాలో చెప్పే ఇంజినీరు, అతని మాట వినే యాజమాన్యం. నోట్ 7 తర్వాతా, బోల్ట్ తర్వాతా కట్టిన మూల్యంతో పోలిస్తే, పది రోజులు ఆగడానికి అయ్యే ఖర్చు ఏ లెక్కన చూసినా చౌకే.